మూడో చేప

మా తమ్ముడి రిసార్ట్‌లో రిసెప్షన్ బల్ల పక్కన గాజు తొట్టి పెట్టించింది వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో. విశాఖ నుంచి ఒక ఫిట్టర్ వచ్చాడు. తొట్టి, దీపాలు, పంపు, హీటరు, సంచుల్లో సముద్రపు ఉప్పు, బొరియలు పడిన తెల్లటి రాళ్ళు, అన్నీ ఒకే వ్యానులో ఘాట్ రోడ్డెక్కి వచ్చాయి. చేపలు మాత్రం గాలి నింపిన ప్లాస్టిక్ కవర్లలో, ముందు సీట్లో, ఫిట్టర్ ఒళ్ళో కూర్చుని వచ్చాయి. సముద్రం చూసి చూసి విసుగెత్తి చలి కోసం కొండెక్కేవాళ్ళకి మళ్ళీ సముద్రం చూపించడం ఎందుకని అనుకున్నాను. అనలేదు. ఆ ఇంట్లో నేను అనుకునేవాటిలో పైకి అనేవి చాలా తక్కువ.

మా కొండల్లోకి సముద్రం ఎప్పుడూ ఎండిపోయే వచ్చేది. నా చిన్నప్పుడు హుకుంపేట సంతలో గోనె పట్టాల మీద కుప్పపోసిన ఎండు నెత్తళ్ళు, రొయ్యపొట్టు, ఉప్పుచేప ముక్కలు, అవే నాకు తెలిసిన సముద్రం. దాని వాసన ముందు తెలిసింది, రంగు చాలా ఏళ్ళకి తెలిసింది. ఇప్పుడు అదే కొండ మీద, పొద్దున్నే కిటికీ అద్దాలు చెమర్చి బయట ఏమీ కనిపించని చోట, గోరువెచ్చని ఉప్పునీళ్ళలో మూడు నారింజ రంగు చేపలు తిరుగుతున్నాయి.

వాటిని చూసుకునే పని నాకు వచ్చింది. నేను సీలేరు జలవిద్యుత్ కేంద్రంలో కంట్రోల్ రూమ్ ఆపరేటరుగా పనిచేసి రిటైరయ్యాను. గంట గంటకీ మీటర్లు చూసి రీడింగులు రాయడం ఉద్యోగం. క్వార్టరుకి వచ్చాక డైరీ రాయడం అలవాటు. రిటైర్మెంటుకి ముందే నా భార్య పోయింది. పిల్లలు లేరు. క్వార్టరు ఖాళీ చేశాక తమ్ముడి దగ్గరికి వచ్చాను. రిసార్ట్ కట్టింది నాన్న పొలంలోనే కాబట్టి, ఇది నీ ఇల్లు కూడా అన్నాడు తమ్ముడు మొదట్లో. వంటగది వెనక వరసలో, లోయ కనిపించే చివరి గది నాకిచ్చారు. ఆ మాట మళ్ళీ అనాల్సిన అవసరం వాడికి రాలేదు, గుర్తుచేయాల్సిన అవసరం నేను రానివ్వలేదు.

"తొట్టి నువ్వు సూసుకో అన్నయ్యా, రీడింగులంటే నీకు సరదా కదా," అన్నాడు వాడు.

సరదా అన్న మాట ముప్పై ఏళ్ళ ఉద్యోగానికి ఎవరూ వాడలేదు. సరే అన్నాను. పొద్దునా సాయంత్రం నీళ్ళ వేడి చూడాలి. నీళ్ళు ఆవిరవుతాయి, ఉప్పు ఆవిరవదు, కాబట్టి తగ్గిన మేరకి మంచినీళ్ళే పోయాలి. గాజు అంచుల మీద తెల్లగా పేరుకునే ఉప్పు తుడవాలి. ఊరంతా కరెంటు పోయినా తొట్టికి పోకూడదు. రిసెప్షన్‌కీ గెస్టుల గదులకీ ఇన్వర్టర్ ఉంది, అందుకని ఆ చింత లేదన్నాడు ఫిట్టర్.

ఈ రకం చేపని జోకర్ చేప అంటారు. ఒళ్ళు నారింజ రంగు. దాని మీద మూడు తెల్లటి పట్టీలు, ఒకటి కన్ను వెనక, ఒకటి నడుము మీద, ఒకటి తోక మొదట్లో. నడుము మీది పట్టీ తల వైపు కాస్త ఉబ్బి ఉంటుంది. ప్రతి పట్టీకీ, ప్రతి రెక్కకీ అంచున సన్నటి నలుపు, కాటుక దిద్దినట్టు. మూడింటిలో పెద్దది నా చూపుడువేలంత ఉండేది. రెండోది దానికి కొంచెం తక్కువ. మూడోది చిటికెన వేలి మొదటి కణుపు దాటదు. వీటికి ఈత అందంగా రాదు. వేరే చేపలు నీటిని కోసుకుంటూ పోతాయి. ఇవి నడుం ఊపుకుంటూ, పక్క రెక్కలతో తడుముకుంటూ, బరువు కావడి భుజానేసుకుని బురదలో నడిచే మనిషిలా పోతాయి.

వేడి సముద్రాల్లో, లోతు లేని పగడపు దిబ్బల మీద, ఎండ అడుగుదాకా దిగేచోట వీటి కాపురం. మన దేశంలో అండమాన్ వైపు ఉంటాయట. మా తొట్టిలోవి అక్కడివి కూడా కాదు, ఎక్కడో పెంపకపు తొట్లలోనే పుట్టి పెరిగాయట. వీటి సముద్రం కూడా ఉప్పు కలిపి చేసిందే.

సముద్రంలోనైనా ఇవి అంతటా తిరగవు. అనిమోన్ అనే జీవిని పట్టుకుని బతుకుతాయి. చూడటానికి అది పువ్వు, నిజానికి జంతువు. రాయికి పాదం అంటించుకుని, జడకుచ్చుల్లాంటి పోగులని నీళ్ళలో ఆడిస్తూ ఉంటుంది. ఆ పోగుల్లో విషం ఉంటుంది. వేరే చిన్న చేప తగిలితే అతుక్కుపోయి దాని నోట్లోకి పోతుంది. జోకర్ చేపకి ఒంటి మీద జిగురు పొర కాపాడుతుంది. ఆ చనువు కూడా ఒక్కసారిగా రాదు. మొదటిరోజు మా తొట్టిలో ఫిట్టర్ పెట్టిన అనిమోన్‌కి అవి తోక కొస తగిలించి వెనక్కి వచ్చాయి, పొట్ట తగిలించి వెనక్కి వచ్చాయి, సాయంత్రానికి లోపలికి దూరాయి. ఆ తర్వాత దానికి జానెడు దూరం పోవడం కూడా అరుదే. దాన్ని తినడానికి వచ్చేవాటిని ఇవి తరుముతాయి. గాజు తుడవడానికి నేను చెయ్యి పెడితే పెద్దది వచ్చి నా వేలు కొరికేది. నొప్పి ఉండదు కానీ, అవమానంగా ఉండేది.

మూడు చేపల్లో పెద్దది ఆడది. రెండోది మగది. మూడోది ఆడా కాదు, మగా కాదు. పెద్దది చచ్చిపోతే మగది మెల్లగా ఆడదవుతుంది, అప్పుడు మూడోది మగదవుతుంది. పైవాళ్ళలో ఒకరు పోతే తప్ప దాని బతుకు మొదలవదన్నమాట. అందాకా అది చెయ్యాల్సిన పని ఒకటే, చిన్నగా ఉండటం. పైదాని కంటే ఎప్పుడూ కొంత తక్కువగా ఉండేట్టు తన తిండి తానే తగ్గించుకుంటుందట. పెరిగి రెండోదాని సైజుకి దగ్గరపడితే పైవి రెండూ కలిసి తరిమేస్తాయి. ఇది నాకు చెప్పింది ఫిట్టరే. వెళ్తూ వెళ్తూ వ్యాను మెట్టు మీద ఒక కాలు పెట్టి చెప్పాడు. మూడో చేప వద్దని తాను మా మరదలికి చెప్పాడట, ఫొటోలో మూడుంటే బాగుంటాయని ఆవిడే పట్టుబట్టిందట. కొత్త చేపలొస్తే కొన్నాళ్ళు విడిగా ఉంచడానికని ఒక చిన్న తొట్టీ, ఒక హీటరూ, ఒక చిన్న పంపూ అదనంగా ఇచ్చిపోయాడు. వాటిని స్టోరు గదిలో కుర్చీల వెనక పెట్టారు.

అప్పటినుంచి నేను మూడోదాన్నే చూసేవాడిని. పెద్దది దగ్గరికి వస్తే అది ఒక పక్కకి ఒరిగి ఒళ్ళంతా గజగజ వణికించేది. అది భయం కాదు, ఒక రకం దణ్ణం. తొట్టికి చెవి ఆనిస్తే ఆ సమయంలో పెద్దది పళ్ళు టకటకలాడించే చప్పుడు వినిపించేది. తిండి వేసినప్పుడు పైవి రెండూ తినేదాకా మూడోది అనిమోన్ కింద అంచున ఉండి, మిగిలినదాన్లో రెండు రేణువులు తీసుకుని ఆగిపోయేది. నోటి ముందునుంచే తిండి పోతున్నా ముట్టుకునేది కాదు.

ఆ ఆగిపోవడం నాకు బాగా తెలుసు. కంట్రోల్ రూములో నా పైన ఇద్దరుండేవారు. మీటరు తప్పు చూపిస్తోందని నాకు ముందే తెలిసినా, "సార్, ఒకసారి మీరు చూస్తారా" అని అడిగి, వాళ్ళు కనిపెట్టేదాకా నిలబడేవాడిని. పై గ్రేడు పరీక్ష రాయవద్దని నన్నెవరూ అనలేదు. రాసి పాసైతే ఆ గదిలో ఊపిరి ఎలా ఆడుతుందో నాకు తెలుసు, అంతే. పదవీ విరమణ రోజున శాలువా కప్పి, చాలా ఒద్దికైన మనిషి అని పొగిడారు. ఆ శాలువా కప్పినవాడు నాకంటే పదేళ్ళు చిన్న, నా దగ్గరే పని నేర్చుకున్నాడు.

తొట్టి దగ్గర నేను పెట్టుకున్న పద్ధతి ఇది. తిండి పెద్దవాటికి ఎదురుగా వెయ్యాలి. మూడోదానికి వేరుగా ఏమీ వెయ్యకూడదు. అది తీసుకున్నంత తీసుకుంటుంది. దాని లెక్క దానికి తెలుసు.

ఈ పద్ధతి ఎవరికీ నచ్చలేదు. ముందు వంటావిడకి నచ్చలేదు. హుకుంపేట అవతల కొండ ఊరి మనిషి, నాకంటే చిన్నదే గానీ నన్ను పెద్దయ్యా అంటూ అందరి మీదా అధికారం చేసేది. నేను తిండి వేస్తుంటే చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి నిలబడేది.

"ఇదేటి పెద్దయ్యా, సిన్నోడికి ఎట్టరేటి? మా ఇంట్లో బంతికి కూకుంటే ముందు సివరోడికే ఎడతాం. పెద్దోల్లు అడిగి ఏయించుకుంతారు. ఆడు అడగలేడు గదా."

"అడగకపోబట్టే అది బతికుంది," అన్నాను.

"అలాగని పస్తు పడుకోబెడతారేటి," అని విసురుగా వెళ్ళిపోయింది.

విషయం ఆమెకి మళ్ళీ ఒకరోజు కూర్చోబెట్టి చెప్పాను. మొత్తం విన్నది. చేపల్లో కూడా అత్తారిల్లు ఉందన్నమాట అని నవ్వింది. కానీ నమ్మలేదు. చిన్నదానికి తిండి ఎక్కువైతే చచ్చిపోతుందంటే ఏ తల్లి నమ్ముతుంది.

వలిసె పూలు పూసే కాలం వచ్చింది. పొలాలన్నీ పసుపు పచ్చగా అయ్యాయి, రోడ్డు మీద కార్లు బారులు తీరాయి. వచ్చిన ప్రతి కుటుంబమూ తొట్టి ముందు ఆగేది. పైవి రెండూ ఆ రోజుల్లోనే అనిమోన్ పక్కనున్న రాయిని నోటితో గీకి శుభ్రం చేసి గుడ్లు పెట్టాయి. ముందు నారింజ రంగు గింజల్లా ఉండి, క్రమంగా వెండి రంగు తిరిగి, ఒక్కోదాన్లో రెండు కళ్ళు కనిపించాయి. వాటిని చూసుకునేది మగదే. రెక్కలతో విసిరేది, పాడైనవాటిని ఏరి తినేసేది. దీపాలు ఆర్పాక గుడ్లు పగిలాయి కాబోలు, పొద్దున్న చూస్తే రాయి బోడిగా ఉంది. పిల్లలన్నీ పంపులోకి పోయాయి. సముద్రంలోనైతే నీటివాలుకి కొట్టుకుపోయి, వాటిలో ఏ కొన్నో ఎక్కడో మరో అనిమోన్ వెతుక్కుంటాయట. మా గెస్టులకి ఆ సంగతి తెలియదు. గుడ్ల ఫొటోలు తీసుకున్నారు, వెళ్ళిపోయారు. గుడ్లు పెట్టడం మొదలయ్యాక పైవి రెండూ మూడోదాన్ని ఇంకొంచెం కరుకుగా చూడటం నేను గమనించాను.

ఆ వారమే హైదరాబాదు నుంచి వచ్చిన ఒకావిడ వెళ్ళాక ఫోన్‌లో రివ్యూ రాసింది. గది బాగుంది, కాఫీ బాగుంది, కానీ చేపల తొట్టిలో చిన్న చేపకి కావాలని తిండి పెట్టడం లేదు, అడిగితే ముసలాయన ఏదో చెప్పాడు, మనసు కలత పడింది అని. ఐదు చుక్కల్లో ఒకే ఒక్క చుక్క ఇచ్చింది. మా మరదలు సాలూరులో వ్యాపారస్తుల ఇంట్లో పుట్టిన మనిషి. రిసార్ట్ నడిపేది ఆవిడే, తమ్ముడు నడుస్తాడు. ఫోన్ పట్టుకుని నా గదిదాకా వచ్చింది. గడప దాటి లోపలికి రాలేదు.

"బావగారూ, మీరు సేపకి కొలిసి పెడతన్నారు. ఇలాగైతే జనం మనకి కొలిసి పెడతారు."

పెరిగితే మిగతావి చంపేస్తాయని చెప్పాను. ఎవరు చెప్పారంది. ఫిట్టర్ అన్నాను. వాడు తొట్లు అమ్ముకునేవాడంది. అయితే మూడోదాన్ని విడిగా ఆ చిన్న తొట్టిలో పెడదాం, అప్పుడు ఎంతైనా తినిపించుకోవచ్చు, రిసెప్షన్‌లో కిటికీ కింద బల్ల ఉంది కదా అన్నాను. ఆ బల్ల మీద కాఫీ పొడి ప్యాకెట్లూ తేనె సీసాలూ అమ్మకానికి పెడుతున్నామంది. ఆఫీసు గదిలో పెడదామంటే అక్కడ ప్రింటరు. పోనీ పెద్ద తొట్టిలోనే ఒక చిల్లుల బుట్ట వేలాడదీసి, అందులో ఉంచుదామన్నాను. "రిసెప్షన్‌లో బియ్యం కడిగే బుట్ట ఏలాడదీత్తారా?" అని ఆశ్చర్యపోయింది. ఆ మాటతో అయిపోయింది.

మర్నాటినుంచి తిండి పెట్టే పని వంటావిడకి మారింది. నాకు నీళ్ళూ, ఉప్పూ, గాజు తుడవడమూ మిగిలాయి.

వంటావిడ ఏ పనైనా మనసు పెట్టి చేస్తుంది. సంతలో కొన్న రొయ్యపొట్టుని కడిగి, ఉప్పు పోయేదాకా నానబెట్టి, వేళ్ళతో మెదిపి, పిల్లలకి మందు పోసే డ్రాపరులో ఎక్కించి, సరిగ్గా మూడోదాని మూతి దగ్గర వదిలేది. మొదట అది వెనక్కి జరిగేది. ఆవిడ డ్రాపరు వెనక్కి జరిపేది కాదు. కొన్నాళ్ళకి తినడం మొదలుపెట్టింది. మూడుపూటలా పెట్టేది. గెస్టుల పిల్లలు ఆవిడ చుట్టూ మూగేవారు. మరదలు దాన్ని వీడియో తీసి పెట్టింది, దానికి చాలామంది మెచ్చుకోలు రాశారు.

మూడోది పెరిగింది. పట్టీల చుట్టూ నలుపు దిట్టమైంది. పొట్ట నిండింది. వణకడం మానేసింది. అందరూ దాన్ని చూసి సంతోషించారు, నేను తప్ప.

"సూసారా బావగారూ, ఎలా తేరుకుందో," అంది మరదలు.

ముందు మగది మొదలుపెట్టింది. అనిమోన్ అంచునుంచి తోసేసేది. తర్వాత పెద్దది కూడా. ఒక పొద్దున్న చూస్తే మూడోది తొట్టి పైమూలలో, పంపు గొట్టం పక్కన, నీటి పైభాగాన ముక్కు ఆనించి నిలబడి ఉంది. తోక ఒక పక్క చినిగింది. కిందికి దిగబోతే పెద్దది బాణంలా వచ్చేది. గెస్టులు ఫోన్లు పైకెత్తి, ఆడుకుంటున్నాయి చూడండి అని పిల్లలకి చూపించారు. వంటావిడ డ్రాపరు పట్టుకుని వచ్చి, అది తినకపోవడం చూసి, నా మొహం చూసి, వంటగదిలోకి పోయింది.

తమ్ముడికి చెప్పాను. వాడు తొట్టి ముందు కాసేపు నిలబడ్డాడు. వాడికి అర్థమైంది. చిన్నప్పటినుంచీ వాడికి అన్నీ అర్థమవుతాయి.

"శనాదివారాలు అవనీ అన్నయ్యా. రూములన్నీ ఫుల్లు. సోమారం తీసేద్దాం."

"అప్పటిదాకా ఉండదు."

"సేపే కదా అన్నయ్యా. నువ్వు దాన్ని మనిసిలాగ సూత్తన్నావు."

శనివారం మధ్యాహ్నం రిసెప్షన్ నిండా జనం. నేను స్టోరు గదిలోంచి చిన్న తొట్టి తెచ్చి నా గదిలో బల్ల మీద పెట్టి, పెద్ద తొట్టిలోని నీళ్ళే మోసుకెళ్ళి నింపి, హీటరూ పంపూ పెట్టి, వేడెక్కేదాకా ఆగాను. తర్వాత వల, మగ్గు పట్టుకుని రిసెప్షన్‌లోకి వెళ్ళాను. మరదలు తాళాలు అందిస్తున్నదల్లా ఆగి, గెస్టులకి వినబడకుండా, "ఇప్పుడేటి బావగారూ?" అంది.

"దీన్ని తీసేస్తున్నాను."

"ఫొటోల్లో మూడున్నాయి. అడుగుతారు."

"ఇకనుంచి రెండే ఉంటాయి."

అది నేను ఆ ఇంట్లో కొంచెం గట్టిగా అన్న మొదటి మాట. ఒకరిద్దరు తలతిప్పి చూశారు. ఆవిడ మొహం మీద నవ్వు అలాగే ఉంచుకుని, "మా బావగారు, సైంటిస్టు లెండి" అని వాళ్ళకి చెప్పింది. వాళ్ళు నవ్వారు. నేను చేపని పట్టుకుని వెళ్ళాను.

నా గదిలో దానికి అనిమోన్ లేదు. వంటావిడ ఒక చిన్న మట్టి ముంత తెచ్చిచ్చింది, మూడుపూటలా డ్రాపరుతో వచ్చి తిండి పెట్టేది. ముంతని పక్కకి పడుకోబెడితే చేప మర్నాటికి దాన్నే ఇల్లు చేసుకుంది. పగలు ముంత మూతి దగ్గర కాపలా కాసేది, లైటు తీశాక లోపల పడుకునేది. తోక మానుతూ వచ్చింది. ఇంకో రెండు రోజులకి ముంత వదిలి తొట్టి ఈ చివరినుంచి ఆ చివరికి వెళ్ళి వచ్చింది. అలా వెళ్ళడం నేను ఎప్పుడూ చూడలేదు. గాజు దగ్గరికి నా వేలు పెడితే కొరకడానికి వచ్చింది. నాకు చాలా సంతోషమైంది.

ఒక్కటే లోటు. వంటగది వెనక వరసకి ఇన్వర్టర్ లైను లేదు. కరెంటు పోతే నా గది చీకటే. ఎనిమిదేళ్ళుగా కొవ్వొత్తితో గడిపాను, ఒక్కసారీ అడగలేదు. కరెంటు పుట్టేచోట బతుకంతా గడిపిన మనిషిని, ఆ మాట అడగడానికి నాకే సిగ్గుగా ఉండేది. చేప కోసం అడిగాను. తమ్ముడు ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేస్తానన్నాడు. రెండు రోజులాగి మళ్ళీ అడిగాను. సీజన్ అవనీ అన్నాడు. మరదలికి కూడా చెప్పాను. ఇన్వర్టర్‌కి ఇప్పటికే లోడ్ ఎక్కువైందంది. రిసెప్షన్ బయట చెట్టుకి చుట్టిన రంగు దీపాల తోరణం ఆవిడ వెనకే వెలుగుతూ ఆరుతూ ఉంది.

ఆ శీతాకాలంలో బాగా చలి పడిన రోజు తెల్లవారుజామున ఘాట్‌లో ఎక్కడో లైను తెగి కరెంటు పోయింది. నాకు మెలకువ వచ్చేసరికి పంపు చప్పుడు లేదు. నీళ్ళలో చెయ్యి పెడితే అప్పటికే చల్లబడ్డాయి. చిన్న తొట్టికి వేడి ఎంతసేపు ఆగుతుంది. నా రగ్గు, నా భార్య శాలువా, రెండూ తొట్టికి చుట్టాను. సీసాల్లో వేడినీళ్ళు పోసి తొట్టిలో నిలబెడదామని వంటగదికి వెళ్ళాను. గీజర్లు పనిచెయ్యక గెస్టులందరూ స్నానాలకి నీళ్ళడుగుతున్నారు. పొయ్యిలన్నిటి మీదా పెద్ద గిన్నెలే. వంటావిడ ఒక చెంబు ముంచి నా చేతికివ్వబోయింది.

"ముందు గెస్టులకి," అంది మరదలు గుమ్మంలోంచి. "బావగారికి తరవాత ఇద్దువుగాని, కాఫీయే కదా."

కాఫీకి కాదని నేను చెప్పాను. ఆవిడ అప్పటికే వెళ్ళిపోయింది. వంటావిడ చెంబు ఇచ్చేసింది. అది రెండు సీసాలకి వచ్చింది. మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ ఇచ్చింది. మూడోసారి వెళ్ళేసరికి గిన్నెలన్నీ పైకి మోసేశారు. మళ్ళీ పెట్టిన నీళ్ళు ఇంకా వేడెక్కలేదు.

చేప ముంతలోంచి బయటకొచ్చి ఒక పక్కకి ఒరిగి ఉంది. మొప్పలు మెల్లగా ఆడుతున్నాయి. ఇక ఆలోచించకుండా బియ్యం కడిగే బుట్ట తీసుకుని, చేపని మగ్గులో పెట్టుకుని, రిసెప్షన్‌కి వెళ్ళాను. పెద్ద తొట్టిలో దీపాలు వెలుగుతున్నాయి, నీళ్ళు వెచ్చగా ఉన్నాయి, పైవి రెండూ వాటి అనిమోన్‌లో అవి తిరుగుతున్నాయి. బుట్టని అంచుకి తాడుతో కట్టి, మగ్గులోకి పెద్ద తొట్టి నీళ్ళు కొంచెం కొంచెంగా కలిపి, చేపని బుట్టలోకి వదిలాను. మరదలు కౌంటరు దగ్గరే ఉంది. బుట్టని చూసింది. తన కుర్చీ నాకు జరిపింది. నేను కూర్చోలేదు. కొంతసేపటికి మొప్పలు ఆగిపోయాయి.

గది ఖాళీ చేస్తున్న ఒక కుటుంబం తొట్టి ముందు ఆగింది. బుట్ట అప్పటికి తీసేశాను. మూడోది ఏదని వాళ్ళ పాప అడిగింది. రెస్టులో ఉందని మరదలు చెప్పింది.

దాన్ని వంటగది వెనక కాఫీ మొక్క మొదట్లో పాతిపెడుతుంటే వంటావిడ వచ్చి పక్కన కూర్చుంది. చాలాసేపు మట్టి సర్దింది.

"నానెట్టిన తిండే దాన్ని సంపిందా పెద్దయ్యా?"

అవునని అనొచ్చు. నేను మొదటే చెప్పానని కూడా అనొచ్చు. ఆ రెండు మాటలూ నోటిదాకా వచ్చాయి. కానీ పెద్ద తొట్టి నుంచి తీశాక అది పది రోజులు కడుపునిండా తిని, హాయిగా ఈదింది. అదీ ఆవిడ పెట్టిన తిండే.

"తిండి కాదు," అన్నాను. "చోటు లేదు దానికి."

సంక్రాంతి రద్దీ తగ్గాక ఫిట్టర్ మళ్ళీ వచ్చాడు. మరదలు ఫోన్ చేసి రప్పించిందట. కవర్లో ఇంకో చిన్న చేప, పోయినదాని కంటే చిన్నది. తొట్టిలోకి వదలగానే అది ఒక పక్కకి ఒరిగి ఒళ్ళంతా వణికించింది. మరదలు వంటావిడని పిలిచి, ఇకనుంచి తిండి బావగారే పెడతారు, ఎవరూ దానికి ఎక్కువ వెయ్యొద్దు అంది. తర్వాత నా వైపు తిరిగి, గెస్టులు అడక్కుండా తొట్టి పక్కన ఒక బోర్డు పెడదాం, చిన్న చేప చిన్నగా ఎందుకుండాలో నాలుగు ముక్కల్లో మీరే రాసివ్వండి, మీకైతే బాగా తెలుసు కదా అంది. నిజంగా గౌరవంగానే అంది. తప్పు దిద్దుకుంటున్నాననే అనుకుంది.

నేను రాయనన్నాను. తిండి కూడా పెట్టనన్నాను.

ఆ పూట భోజనాల దగ్గర నలుగురం ఉన్నాం. తమ్ముడు, మరదలు, నేను, వడ్డిస్తున్న వంటావిడ. మామూలుగా నేను ముందు లేచిపోతాను. ఆ రోజు లేవలేదు. తమ్ముడు మజ్జిగ పోసుకునేదాకా ఆగి అన్నాను.

"నా గదికి లైను కావాలి."

"సేప లేదు కదా అన్నయ్యా ఇప్పుడు," అన్నాడు వాడు. వాడు వెటకారం చెయ్యలేదు. నిజంగానే అర్థం కాలేదు వాడికి. ఇన్నేళ్ళలో మొదటిసారి వాడికి ఒక విషయం అర్థం కాకపోవడం చూశాను.

"నాకు కావాలి."

మరదలు కంచంలోంచి తలెత్తి నన్ను చూసింది. కొత్త మనిషిని చూసినట్టు, ఈ మనిషి ఎంత చోటు పడతాడో కొలిచినట్టు చూసింది.  తమ్ముడు చూద్దాం అన్నాడు. ఎప్పుడు అని అడిగాను. వాడు మజ్జిగ తాగాడు. వంటావిడ మళ్ళీ అన్నం పెట్టమంటారా అని నన్నొక్కడినే అడిగింది. పెట్టమన్నాను.

ఇప్పుడు వేసవి వచ్చింది. కొత్త చేపకి వంటావిడ కొలిచే వేస్తోంది, అది పోయినదాని కంటే చిన్నగానే ఉంది. బోర్డు తమ్ముడు రాయించాడు, రెండు తప్పులున్నాయి, దిద్దమని నన్నెవరూ అడగలేదు. భోజనాలకి పిలుపు ఇదివరకటి కంటే కొంచెం ఆలస్యంగా వస్తోంది. నా గదికి మంచి వ్యూ ఉంది కదా, గెస్టులకి ఇస్తే బాగుంటుందేమో అని మరదలు ఒకసారి తమ్ముడితో అనడం నాకు వినిపించింది. వినిపించేట్టే అంది. నేను వారానికోసారి లైను అడుగుతున్నాను. ఇంకా వెయ్యలేదు.